అల్లుడుగారి నిద్ర

నాకు ముక్కు మీద కోపం. బడిలో పనిచేసినంతకాలం పిల్లల్ని కసిరాను, హెడ్మిస్ట్రెస్‌నయ్యాక మాస్టర్లని కసిరాను, రిటైరయ్యాక ఎవరు దొరికితే వాళ్ళని కసురుతున్నాను. వయసు మీదపడితే నోరు మెత్తబడుతుందని మా చెల్లెలు ఆశపడింది గానీ అది అత్యాశే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనొకరిని మెచ్చుకుంటే అది ముఖస్తుతి కాదని మీకు ముందే తెలియాలి. నేను మెచ్చుకోబోయేది ఒక ఆడపిల్లని. ఆ పిల్లకి నేను పెట్టుకున్న పేరు అగ్గిపుల్ల. సన్నగా, నిటారుగా ఉంటుంది. భగ్గుమనడం మాత్రం నేను ఒక్కసారే చూశాను.

ముందు మా ట్రస్టు సంగతి చెప్పాలి. మా ఊళ్ళో సగం మేడలు కట్టిన కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. చివరి రోజుల్లో ఆయనకి మతిమరుపు జబ్బు వచ్చింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోయే మతిమరుపు కాదు, తను కట్టిన ఇంట్లోనే నిలబడి ఇదెవరి ఇల్లని అడిగే మతిమరుపు. డాక్టర్లు డిమెన్షియా అంటారు. ఆయన పోయాక కొడుకు తండ్రి పేరు మీద ట్రస్టు పెట్టాడు. ఈ జబ్బు మీద పరిశోధన కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాళ్ళకి మూడేళ్ళపాటు జీతమూ ఖర్చులూ ఇవ్వడం దాని పని. పేరున్నవాళ్ళకి పెద్ద సంస్థలు పిలిచి మరీ డబ్బిస్తాయి. పేరు వచ్చేదాకా ఆ కుర్రవాళ్ళు ఏం తిని బతకాలో ఎవరికీ పట్టదు. అది పట్టించుకున్నందుకు ఆ కొడుకంటే నాకు గౌరవం. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే, ఎక్కాలు రాక గోడకుర్చీ వేసినవాడే. ఇప్పుడు చైర్మన్. నేను గొంతు పెంచితే ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. కమిటీలో నన్ను వేసింది అందుకేనేమో.

కమిటీలో మూడో మనిషి మెదడు డాక్టరు. కాంట్రాక్టరుకి వైద్యం చేసింది ఆయనే. హస్తవాసి గొప్పది. మాటే కాస్త కరుకు. ఆ మాటకొస్తే ఒకరిని అనడానికి నేనూ తక్కువదాన్ని కాదు.

కాంట్రాక్టరుకి ఒక పద్ధతి ఉండేది. గోడ కళ్ళారా చూడందే కూలి ఇచ్చేవాడు కాదు. మేస్త్రీ ఎన్ని చెప్పినా సరే, ఎండలో నడిచి వెళ్ళి, గోడ మీద చెయ్యి వేసి చూసి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టేవాడు. కొడుకు ఆ పద్ధతిని ట్రస్టులోకీ తెచ్చాడు. రెండో ఏడు డబ్బు ఇచ్చేముందు మాలో ఒకరు వెళ్ళి, ఆ పిల్లలు పనిచేసే చోట కూర్చుని, చూసి, అక్కడివాళ్ళని నోరారా అడిగి రావాలి. దీన్ని మేము గోడ చూడటం అంటాం. అందరికంటే ఖాళీగా ఉండేది నేనే కాబట్టి గోడలన్నీ నా వంతే.

అగ్గిపుల్ల ఆస్పత్రిలో నర్సుగా చేసి, పైచదువులు చదివి, డాక్టరేటు పుచ్చుకుని, ఉద్యోగం వదులుకుని మా దగ్గరికి వచ్చింది. ఈ జబ్బు పట్టేది ఒక్కరినే అయినా నమిలేది ఇద్దరినని ఆ పిల్ల వాదన. రోగి ఒకరు, రాత్రింబవళ్ళు ఆ రోగిని కనిపెట్టుకుని ఉండే ఇంటిమనిషి ఒకరు. ఆ రెండోవాళ్ళ భారం తగ్గించే దారి వెతుకుతానంది. ఇరుగుపొరుగువాళ్ళకి కాస్త తర్ఫీదు ఇచ్చి, వారంలో కొన్ని పూటలు వంతులవారీగా రోగి దగ్గర కూర్చోబెడితే ఇంటివాళ్ళకి ఏమైనా తేడా వస్తుందా అన్నది దాని పరిశోధన. వినడానికి ఇందులో పరిశోధనేముంది అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయినా మొదటి ఏడు ఇచ్చాం.

ఏడాది తిరిగింది. చైర్మన్ ఆఫీసు పై గదిలో సమావేశం. ఆ గదిలో బల్ల మీద అద్దం కింద ఇప్పటికీ పాత ఇళ్ళ ప్లాన్లే ఉంటాయి, మా టీ కప్పులు ఎవరి వంటగదుల మీదో, ఎవరి మెట్ల మీదో పెట్టుకుంటాం. అగ్గిపుల్ల ఎదురుగా నిలబడింది. డాక్టరు అది ఇచ్చిన కాగితాలు తిరగేశాడు.

"ఏమ్మా, ఇన్ని ఇళ్ళు తిరిగావు. చూసుకోవడం మీకు భారంగా ఉందా అని అందర్నీ అడిగావు. అందరూ లేదన్నారు. పక్కింటివాళ్ళు రాకముందు అడిగినా లేదన్నారు, వచ్చాక అడిగినా లేదనే అన్నారు. మరి నువ్వు తగ్గించిందేమిటి?"

"ఆ ప్రశ్నతో ఏమీ చూపించలేను సార్."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

చైర్మన్ నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. సామెత అంత చక్కగా అతికింది మరి.

అగ్గిపుల్ల నవ్వలేదు, మొహం మాడ్చుకోనూ లేదు. "తప్పు నాదే సార్," అంది. "ఎక్కడో ఎవరో తయారుచేసిన ప్రశ్నల్ని తెచ్చి మన మాటల్లో పెట్టి అడిగాను. మా అమ్మ నాకు భారం అని ఏ కూతురు చెబుతుంది? మా ఆయన నాకు బరువు అని ఏ భార్య చెబుతుంది? చెబితే కళ్ళు పోతాయనుకుంటారు. నేనూ ఈ ఇళ్ళల్లో పుట్టినదాన్నే. తెలిసి కూడా, చదువుకున్నాను కదా అని, తెలియనట్టు అడిగాను. ఏడాదిలో సగం దానికే పోయింది."

తప్పు నాదే అనే మాటని బడిలో ఇన్నేళ్ళలో ఎంతమంది నోట విన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది కూడా జీతం ఇచ్చేవాళ్ళ ఎదుట. అక్కడే ఆ పిల్ల మీద నాకు మొదటిసారి మనసు మళ్ళింది.

"ఇప్పుడు అడగడం మానేశాను," అని కొనసాగించింది. "ఇంటివాళ్ళ చేతికి గడియారం లాంటి పట్టీ కడుతున్నాను. ఎప్పుడు పడుకున్నారో, ఎంతసేపు పడుకున్నారో అది రాసుకుంటుంది. పక్కింటివాళ్ళు వచ్చిన వారాలూ రాని వారాలూ పోల్చి చూస్తున్నాను. తేడా కనబడుతోంది. కానీ గట్టిగా చెప్పాలంటే ఇంకో ఏడాది కావాలి."

"పని తప్పితే ఎవరైనా పడుకుంటారు. దానికి పరిశోధన కూడానా?" అన్నాడు డాక్టరు. ఆయన చెడ్డవాడు కాదు. ఎలుకల మీద కొత్త మందు పరీక్షిస్తున్న కుర్రాడొకడు మా డబ్బు కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ అమ్మాయిని ఆపితే ఆ స్థానం అతనికి వస్తుంది. మందంటూ దొరికితే అందరి బాధా తీరుతుందని డాక్టరు నమ్మకం. అది తప్పని నేననను.

అగ్గిపుల్లకి ఆగిపోవడమంటే మళ్ళీ వార్డుకి పోవడం. అదీ దానికి పెద్ద బాధ కాదు. తర్ఫీదు పొందిన ఇరుగుపొరుగులు చెల్లాచెదురవుతారు, సగం తేలిన లెక్క సగంలోనే ఉండిపోతుంది, సగం లెక్కని రేపు ఏ ఆస్పత్రీ, ఏ ప్రభుత్వమూ నమ్మదు. ఈ మాటలు అది గట్టిగా చెప్పలేదు, అడిగితే చెప్పింది.

చివరికి డాక్టరే ఒక షరతు పెట్టాడు. "మేడమ్ గారు ఎలాగూ గోడ చూడటానికి వెళతారు కదా. వెళ్ళిన ఇంట్లో రోగిని చూసుకునే మనిషి నోటి నుంచి ఒక్క మాట తెమ్మనండి. నాకు కష్టంగా ఉండేది, వీళ్ళు రావడం వల్ల తగ్గింది, అని. ఆ మాట వస్తే నేనే ముందు సంతకం పెడతాను. రాకపోతే ఆపేద్దాం."

చైర్మన్ సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. ఒక్క మాటే కదా, మనిషి చేత మాట చెప్పించడం నాకు తెలియని విద్యా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళిన ఇల్లు ఒక ఇరుకు వీధిలో ఉంది. ముందు గది కుట్టు మిషన్లు బాగుచేసే షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. ఊళ్ళోని పాడైన మిషన్లన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. కొన్నిటికి చక్రాల్లేవు, కొన్నిటికి సూదుల్లేవు, ఒకదాని కింద బల్లలేదు. వాటి మధ్య ఒక భారీ మనిషి స్టూలు మీద కూర్చుని స్క్రూ బిగిస్తున్నాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. మెడలో తాడుకి తాళంచెవి వేలాడుతోంది. వీధి గేటుకి లోపలి నుంచి తాళం. నన్నూ అగ్గిపుల్లనూ చూసి లేచి తాళం తీసి, మేము లోపలికి రాగానే మళ్ళీ వేశాడు.

ఈయన ఆ ఇంటి అల్లుడు. జబ్బు ఈయన మామగారికి. పెద్దాయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. కూతురు ఒక ల్యాబులో మధ్యాహ్నం షిఫ్టు, ఆమె వచ్చేసరికి రాత్రవుతుంది. కాబట్టి పగలంతా మామా అల్లుళ్ళే.

నాకు నాన్చడం చేతకాదు. కూర్చుంటూనే అడిగాను. "ఏం నాయనా, మీ మామగారిని చూసుకోవడం నీకు భారంగా ఉందా?"

"అబ్బెబ్బే, అదేం మాట మేడమ్," అన్నాడు చెవులు మూసుకున్నంత పనిచేసి. "సొంత మామగారు. పిల్లనిచ్చినాయన. భారమంటే ఎట్లా? నన్ను అల్లుడిగా ఒప్పుకోవడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. ఒప్పుకున్నారు కదా అని సంతోషపడేలోగా మర్చిపోయారు. ఇప్పుడు నన్ను క్లీనరు అనుకుంటున్నారు. పర్లేదు, ప్రమోషన్ రాకపోయినా ఉద్యోగం ఉంది కదా."

పెద్దాయన వెనక గది గుమ్మంలోకి వచ్చాడు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"బండి ఎన్నింటికిరా?" అన్నాడు.

"ఇంకా టైముంది మామగారూ," అన్నాడు అల్లుడు.

ఆయన లోపలికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే జవాబు. అల్లుడు నాతో మాట్లాడుతూ మధ్యలో ఆపి, తల తిప్పి, ఆయన మొహంలోకి చూసి ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే జవాబు చెబుతున్నాడు. నాకు కాసేపటికే ఒళ్ళు మండింది. నేనైతే గోడకుర్చీ వేయించేదాన్ని. ఈ మనిషికి పొద్దున్న లేచింది మొదలు ఇదే పాట, అయినా గొంతులో గరుకు లేదు. కళ్ళు మాత్రం ఎర్రగా, ఉల్లిపాయలు తరిగినట్టున్నాయి. బిగించిన స్క్రూనే మళ్ళీ విప్పుతున్నాడు, అది కూడా గమనించలేదు.

ఆ రోజు వంతు పై వాటా ఆవిడది. దిగి వచ్చింది, చేతిలో ఒక పొట్టి కర్ర. వస్తూనే, "డ్రైవరుగారూ, టైరు చూద్దామా?" అంది. ఆ మాటకి పెద్దాయన మొహం ఎంత తేటపడిందో చెప్పలేను. చెప్పులు వేసుకుని, కర్ర అందుకుని ముందు నడిచాడు. బండి ఎక్కేముందు డ్రైవర్లు టైర్లని కర్రతో కొట్టి చూస్తారు, చప్పుడుని బట్టి గాలి తెలుస్తుంది. సాయంత్రమయ్యేసరికి డ్యూటీకి పోతానని గేటు ఊపేసే మనిషిని ఏం చెయ్యాలో తెలియక తంటాలు పడుతుంటే, పై వాటా ఆవిడకి ఈ ఆలోచన వచ్చిందట. వచ్చింది ఆవిడకే అని అగ్గిపుల్ల నాకు రెండుసార్లు చెప్పింది. తన ఖాతాలో వేసుకోవచ్చు కదా, వేసుకోలేదు.

వీధి పొడుగునా ఆగి ఉన్న కార్లూ స్కూటర్లూ కూరగాయల బండీ, దేన్నీ వదల్లేదు. కర్రతో కొట్టడం, చెవి ఒగ్గి వినడం, "గాలి తక్కువ" అనడం. అన్నిటికీ గాలి తక్కువే. వీధివాళ్ళు అలవాటుపడ్డారు. ఒక షాపు ఆయన, "పొద్దున్న కొట్టిస్తాను సార్" అని వినయంగా జవాబు చెప్పాడు. నేను వెనక నడుస్తుంటే పెద్దాయన వెనక్కి తిరిగి నా కాళ్ళవైపు చూసి, ఏమనుకున్నాడో, "ఇదీ తక్కువే" అన్నాడు. నా మోకాళ్ళ సంగతి ఆయనకెలా తెలిసిందో గానీ, జీవితంలో మొదటిసారి నేను తిరిగి ఒక్క మాట అనలేదు.

అలా నడుస్తున్నప్పుడే అగ్గిపుల్ల కొన్ని ఇళ్ళ సంగతులు చెప్పింది. "భారమా అంటే లేదనేవాళ్ళే మేడమ్, ఆ ఖాళీ పూట ఏం చేశారంటే గడగడా చెబుతారు. ఒకావిడ తీరిగ్గా స్నానం చేసిందట, తలుపు గడియ పెట్టుకుని. గడియ పెట్టుకుని స్నానం చేసి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదంది. ఆ మాట చెప్పి ఏడ్చింది. ఇంకొకాయన ఊరికే బస్సెక్కి చివరిదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగొచ్చాడట. ఎక్కువమంది మాత్రం పడుకుంటారు."

వీధి మొదలు దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. అల్లుడు మాకోసం తీసి ఉంచిన గేటుకి పై వాటా ఆవిడ అలవాటుగా తాళం నొక్కేసింది. అల్లుడు ఈలోగా బజారుకి వెళ్ళి స్పేర్ పార్టులు తెచ్చుకుంటానని చెప్పి ఉన్నాడు. వెళ్ళలేదు. స్టూలు మీదే కూర్చుని, ఒక పాత మిషను బల్ల మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. సంచీ చేతిలోనే ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది, రెండోది వేసుకునే లోపలే నిద్ర ముంచుకొచ్చినట్టుంది. అంత భారీ మనిషి చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని పడుకున్నాడు.

పై వాటా ఆవిడ పెదాల మీద వేలు పెట్టింది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి వంగి, ఆ మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు.

"మా క్లీనరు. లేపకండి. రాత్రంతా నాతోపాటే మేలుకున్నాడు."

కూతురు పేరు గుర్తులేని మనిషి, అల్లుడు ఎవరో తెలియని మనిషి, ఆ సంగతి మాత్రం ఎక్కడ దాచుకున్నాడో. ఆయన కర్రని మూలన పెట్టి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాడు. పై వాటా ఆవిడ వెనకే వెళ్ళింది.

నాకు కళ్ళు చెమర్చాయి, కానీ నేను వచ్చిన పని కాలేదు. డాక్టరు అడిగిన మాట నా దగ్గర లేదు. సాయంత్రం అయిపోతోంది, నా బస్సు వేళవుతోంది, మర్నాడు పొద్దున్నే కమిటీ. "ఒక్క నిమిషం లేపమ్మా," అన్నాను అగ్గిపుల్లతో. "ఒక మాట అడిగి వెళ్ళిపోతాను. మళ్ళీ పడుకుంటాడు."

"పడుకోరు మేడమ్. లేస్తే మిషన్లు కనబడతాయి, మామగారు కనబడతారు. మళ్ళీ పడుకోరు."

"మాట లేకుండా నేను వెళితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"తెలిసే అంటున్నావా? లేపు. నీ మంచికే చెబుతున్నాను." నా గొంతు కాస్త పెరిగింది. ఆ గొంతుకి చైర్మన్లే సర్దుకుని కూర్చుంటారని చెప్పాను కదా.

అగ్గిపుల్ల వచ్చి నాకూ ఆ మనిషికీ మధ్య నిలబడింది. గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించింది. కానీ మొహం ఎర్రబడింది, ముక్కుపుటాలు అదిరాయి. "లేపనండి. మిమ్మల్నీ లేపనివ్వను. ఇంటివాళ్ళకి కాస్త నిద్ర దొరుకుతుందా లేదా అన్నదే నా పని. ఆ పని నిలబెట్టుకోవడానికి ఈయన నిద్రే చెడగొట్టమంటారా? అప్పుడు నిలబడేదేమిటి మేడమ్?"

"రేపు నీ పనే ఉండదు."

"రేపటి సంగతి రేపు. ఈ నిద్ర ఈయనకి ఇవాళ దొరికింది."

నాకు ఎదురు చెప్పినవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళంతా తమకోసం చెప్పారు. ఈ పిల్ల తన కూటికి ఎసరు పెట్టుకుంటూ, ఎవరో ఊరూపేరూ లేని అల్లుడి కునుకు కోసం నాకు అడ్డం నిలబడింది. కోపం రావాలి. రాలేదు. ఇలాంటి పిల్లకి ఒక్కదానికి పాఠం చెప్పినా నా చాక్‌పీసుల అరుగుదల వృథా కాలేదనుకునేదాన్ని అనిపించింది. ఆ మాట పైకి అనలేదు, అంత మంచితనం నాకు అలవాటు లేదు. "గేటు తాళం ఎవరు తీస్తారు?" అని మాత్రం గొణిగాను. తాళంచెవి ఆయన మెడలోనే ఉంది. అగ్గిపుల్ల స్టూలు తెచ్చి గేటు పక్కన వేసింది. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, పిట్టగోడ ఎక్కి దిగి ఇంటికి వెళ్ళాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకనవసరం.

మర్నాడు పై గదిలో ముగ్గురమే కూర్చున్నాం. నేను చూసింది చూసినట్టు చెప్పాను. భారమా అని అడిగితే అబ్బెబ్బే అన్నాడని కూడా దాచకుండా చెప్పాను. గోడ చూసి వచ్చి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

"అయితే ఇక్కడా లేదనే అన్నాడు," అన్నాడు డాక్టరు. "లేచాక ఇంకోసారి అడగాల్సింది."

"లేపనివ్వలేదు."

"అంటే నేను పెట్టిన షరతుని ఆ అమ్మాయే కాదనుకుంది. ఇక నేను చేసేదేముంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ షరతే అడ్డగోలుగా ఉంది. నిద్రపోయేవాడిని లేపి, నాయనా నీకు నిద్ర సరిపోతోందా అని అడగమంటారా? మీ చదువు అదే చెప్పిందా?"

డాక్టరు నీళ్ళు నమలలేదు, ఆయనా గట్టివాడే. "మేడమ్, నేను జాలి చూసి డబ్బివ్వలేను. మనసు కరగడం వేరు, రుజువు వేరు. కష్టం ఉందని కష్టపడేవాడే చెప్పకపోతే నేనెలా నమ్మను? ఈ ట్రస్టు ఎవరి పేరు మీద ఉందో ఆయన్ని చివరిదాకా చూసింది నేను. ఆ జబ్బుకి మందు ఉంటే ఎంత బాగుండేదో నాకు తెలిసినంత మీకు తెలియదు."

అప్పటిదాకా చైర్మన్ బల్ల మీద అద్దాన్ని వేలితో రాస్తూ కూర్చున్నాడు. "డాక్టరుగారూ," అన్నాడు, "మీరు నాన్నగారి కోసం వారం వారం వచ్చేవారు. వచ్చినప్పుడల్లా అమ్మ ఎక్కడుండేదో గుర్తుందా?"

డాక్టరు ఆలోచించాడు. "తలుపు దగ్గర నిలబడేవారు."

"అవును. మీరు చెప్పేది వినడానికి. మీరు నాన్నగారి నాడి చూసేవారు, బీపీ చూసేవారు. తలుపు దగ్గరున్న మనిషిని చూడలేదు. మిమ్మల్ని అనడం లేదు, నేనూ చూడలేదు. ఎలా ఉన్నావమ్మా అని రోజూ ఫోనులో అడిగేవాణ్ణి. నాకేం నాయనా, నాకేం కష్టం, అనేది. నేను నమ్మాను." వేలు అద్దం మీద ఆగింది. "నమ్మితే నాకు తేలిగ్గా ఉండేది."

చైర్మన్ తన టీ కప్పుని ఎవరి మెట్ల మీంచో పక్కకి జరిపాడు.

"అమ్మ నాన్నగారికంటే ముందు పోయింది. వంటింట్లో నిలబడి ఉండగానే. ఆవిడకి ఏ జబ్బూ లేదు. తర్వాత నాన్నగారు ఇంకా రెండేళ్ళు బతికారు, రోజూ అమ్మ ఏదని అడుగుతూ. ఆ జబ్బు మా ఇంట్లో మొదట తీసుకెళ్ళింది ఆయన్ని కాదు డాక్టరుగారూ. ట్రస్టు మాత్రం ఆయన పేరు మీద పెట్టాను."

ఆవిడ నాకు తెలుసు. కొడుకు మార్కుల కోసం బడికి వచ్చినప్పుడు కూడా, కూర్చోమంటే కూర్చునేది కాదు. ఏడో తరగతిలో ఎక్కాలు అప్పగించలేని పిల్లాడు ఇప్పుడు ఈ లెక్క ఎంత సరిగ్గా చెప్పాడు అనుకున్నాను. నా చెంపలు తడిశాయి, తుడుచుకోలేదు.

డాక్టరు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. తర్వాత కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టాడు. "ఆ పట్టీల లెక్కలు ఇప్పుడున్నట్టు ఉంటే చాలదు," అన్నాడు ఎటో చూస్తూ. "ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలి. నెలకోసారి నా దగ్గరికి రమ్మనండి, నేను కూర్చుని చూస్తాను. ఇంటివాళ్ళకి బీపీ కూడా చూడమనండి." ఆ మనిషి క్షమాపణ ఆ రకంగానే ఉంటుంది. ఎలుకల కుర్రాడి కోసం మరో దారి చూస్తానని చైర్మన్ అన్నాడు, చూశాడు కూడా.

ఇంటికి కూడా వెళ్ళకుండా మెట్ల మీదే నిలబడి అగ్గిపుల్లకి ఫోన్ చేశాను. రెండో ఏడు వచ్చిందని చెబితే, అవతల వెక్కిళ్ళు వినబడ్డాయి. కసరకుండా ఏడవనిచ్చాను. తర్వాత ముక్కు ఎగబీల్చి, "మేడమ్, పొద్దున్నే ఆ అల్లుడుగారు ఫోన్ చేశారు," అంది. "నన్నెందుకు లేపలేదు, పెద్దావిడ గోడ దూకి వెళ్ళారట కదా అని నన్ను తిట్టారు. మీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయిందట. కమిటీలో తప్పకుండా చెప్పమన్నారు."

"ఇప్పుడా చెప్పేది? ఏమిటట ఆ మాట?"

"మామగారు తనకి ఏమాత్రం భారం కాదని గట్టిగా రాసుకోమన్నారు."

నాకు నవ్వొచ్చింది. "ఇంకేమన్నాడు?"

"పై వాటా ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగారు."